చివరి నుంచి వచ్చే జవాబు

ఇంట్లో పెట్టిన అలారం మోగడం లేదంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఇల్లు క్షేమంగా ఉండటం ఒకటి, అలారం చచ్చిపోయి ఉండటం రెండోది. చెవికి మాత్రం రెండూ ఒకటే. కాపలా అనే పనిలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. దొంగను పట్టడం తర్వాతి సంగతి. ముందు ఈ రెండు మౌనాలకూ తేడా కనిపెట్టగలగాలి.

ఆ తేడా పట్టుకోవడానికి మనుషులకు చాలా కాలమే పట్టింది. అమెరికాలోని సోమర్‌విల్ ఊరివాడు అగస్టస్ రసెల్ పోప్ 1853 జూన్ 21న కరెంటుతో పనిచేసే దొంగల గంటకు పేటెంటు పొందాడు. తలుపో కిటికీయో తెరుచుకుంటే సర్క్యూట్ కలిసి గంట మోగేది. చక్కటి ఆలోచన. అయితే ఆ పద్ధతిలో మామూలు వేళల్లో తీగలో కరెంటు పారదు. దొంగ ముందే తీగ తెంపినా, బ్యాటరీ ఎండిపోయినా, ఎలుక కొరికినా గంట మోగదు. తాను మోగలేనన్న సంగతి ఎవరికీ చెప్పదు కూడా.

1872లో విలియం రాబిన్సన్ రైలు పట్టాల కోసం తయారుచేసిన ట్రాక్ సర్క్యూట్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది. అంతా బాగున్నప్పుడే పట్టాల్లో కరెంటు పారుతూ ఉంటుంది. అది అటు చివర ఉన్న రిలే అనే స్విచ్‌కు చేరుతున్నంతసేపే సిగ్నల్ దారి ఇస్తుంది. బండి వచ్చి నిలబడినా, పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ ఆగినా కరెంటు అటు చేరదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. చెడిపోతే ప్రాణాలు నిలిచే వైపే చెడిపోవాలి అన్నది ఇందులోని నీతి. 1957 నుంచి సికింద్రాబాద్ తార్నాకలో నడుస్తున్న ఇరిసెట్‌లో రైల్వే సిగ్నల్ ఉద్యోగులు చదివే చదువుకు పునాది ఇదే. రాత్రి బండిలో మనం నిశ్చింతగా నిద్రపోతున్నామంటే, పట్టాల్లో ఎక్కడో ఆ సన్నటి కరెంటు ఆగకుండా జవాబు చెబుతోందని అర్థం.

ఇళ్ళకు బిగించే తీగల అలారం కూడా ఈ కోవలోదే. ఒక్కో తలుపుకూ ఒక అయస్కాంతం, దాని పక్కన చౌకట్టుకు చిన్న గాజుగొట్టంలో రీడ్ స్విచ్. తలుపు మూసి ఉన్నంతసేపూ ఆ స్విచ్ కలిసే ఉంటుంది. అలారాన్ని నడిపే పెట్టె, అంటే ప్యానెల్ దగ్గర బయల్దేరిన తీగ స్విచ్ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. ఆ దారి చివర ఒక రెసిస్టర్ పెడతారు. కొన్ని రకాల ప్యానెళ్ళకు అది 5.6 కిలోఓమ్‌లు, కొన్నిటికి 2 కిలోఓమ్‌లు. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే చిల్లర డబ్బులకు దొరికే వస్తువు. ప్యానెల్ ఆ తీగలోకి సన్నటి కరెంటు పంపి, చివర ఉన్న విలువ తనదాకా వస్తోందా అని చూస్తూ ఉంటుంది. వస్తే క్షేమం. దారి తెగిపోయినట్టు కనిపిస్తే తలుపు తెరిచారనో, తీగ తెంపారనో లెక్క. నిరోధం సున్నాకు పడిపోతే ఎవరో రెండు తీగల్నీ కలిపేశారని లెక్క. ‘ఉన్నావా?’ అని అడగడం, ‘ఉన్నాను’ అన్న మాట వినడం. రాత్రింబవళ్ళు దాని పని ఇదే.

ఈ సూత్రం ఎంత దూరం వెళ్తుందో నాకు బంజారా హిల్స్‌లో మా పెద్దమ్మ ఇంటికి అలారం, దాన్ని అంకెలతో నడిపే కీప్యాడ్ బిగిస్తున్నప్పుడు తెలిసింది.

పెద్దమ్మ ఇల్లు రోడ్ నంబర్ 12 వెనక ఒక సందులో ఉంది. ఒకప్పుడు బంజారాలు తిరిగిన ఈ రాతిగుట్టల మీద మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్నాక ఈ చోటికి ఆ పేరు స్థిరపడింది. ఆయన తర్వాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరయ్యాడు. ఇప్పుడు గుట్టలు చాలావరకు అద్దాల మేడల కింద కనుమరుగయ్యాయి గానీ, పాత ఇళ్ళ పెరళ్ళలో ఇంకా అక్కడక్కడా నల్లటి గుండ్లు కనిపిస్తాయి. పెద్దనాన్న కట్టించిన ఈ ఇంటికీ ఆ రాయే గోడలు. ఆయన పోయాక పెద్దమ్మ ఒక్కతే ఉంటోంది. కొడుకు డల్లాస్‌లో. పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండి పనిచేసే ఆమె ఒకరు ఇంటికి తోడు. “మనవాడివి నువ్వు పెడితే ఏది ఎక్కడుందో నాకు తెలుస్తుంది నాన్నా” అంది పెద్దమ్మ. అందుకే నేనే పూనుకున్నాను.

రాతిగోడ కొట్టి కొత్త పైపు వేయడమంటే ఇల్లంతా దుమ్ము, ముసలి ప్రాణానికి అవస్థ. వరండా నుంచి లోపలి గదికి పాత ఇంటర్‌కమ్ కోసం వేసిన పైపు ఉంది. అందులో నాలుగు తీగలున్నాయి. కీప్యాడ్‌కు కావలసినవీ నాలుగే. రెండు కరెంటుకు, రెండు ప్యానెల్‌తో మాట్లాడుకోవడానికి. ఆ పైపులో 230 వోల్టుల తీగ ఏదీ పోవడం లేదని చూసుకున్నాను. పోతే దాని ప్రభావం ఈ మాటల తీగల మీద పడి కీప్యాడ్ తికమక పడుతుంది. లోపలి గదిలో ప్యానెల్, వీధి తలుపు పక్కన కీప్యాడ్, అన్నీ కలిపి కరెంటు ఇచ్చాను. పచ్చ లైటు వెలిగింది. అంతా సిద్ధం అన్న అక్షరాలు కనిపించాయి. పెద్దమ్మ వచ్చి అంకెలు నొక్కడం మొదలుపెట్టింది. రెండో అంకె దగ్గరే తెర చీకటైపోయింది. కాసేపటికి బీప్‌మని మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే.

లోపం వెతకడమనేది నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే పని. దానికి కోపం పనికిరాదు, ఊహ ఒక్కటీ చాలదు. ముందు అనుమానాన్ని సగానికి తగ్గించాలి. తర్వాత ఆ సగాన్ని మళ్ళీ సగానికి. అమీర్‌పేట మైత్రివనం చుట్టూ కోచింగ్ సెంటర్లలో సాఫ్ట్‌వేర్ నేర్చుకునే వేలమంది పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే సాధనా ఇదే. ప్రోగ్రాములో ఇక్కడి దాకా బాగుంది, ఇక్కడి నుంచి చెడింది అని గీత గీసుకుంటూ పోతారు. గుంటూరు, కరీంనగర్, కర్నూలు నుంచి వచ్చి పంజగుట్ట, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్ళలో ఉంటూ వాళ్ళు నేర్చుకునే చదువులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ ఓపికే.

కీప్యాడ్‌ను గోడ మీంచి ఊడదీసి, లోపలికి తీసుకెళ్ళి, జానెడు తీగతో నేరుగా ప్యానెల్‌కు కలిపాను. ఎన్ని అంకెలు నొక్కినా చక్కగా పనిచేసింది. అంటే కీప్యాడ్ మంచిదే, ప్యానెల్ మంచిదే. లోపం ఆ రెండిటి మధ్య దూరంలో ఉంది. మల్టీమీటర్ తీసి చూస్తే ప్యానెల్ దగ్గర 13.6 వోల్టులు. వీధి తలుపు దగ్గర, కీప్యాడ్ తగిలించకుండా చూస్తే అక్కడా 13.6. తీగ కూడా మంచిదేనని మీటర్ చెబుతోంది.

అయితే అది బరువు మోయని తీగ చెప్పిన మాట. కీప్యాడ్‌ను తగిలించి, అంకె నొక్కినప్పుడు చూడాలి. అప్పుడు దాని తెర వెనక లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది, కరెంటు 150 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. అలా నొక్కి పట్టుకుని చూస్తే మీటర్ ముల్లు 9.1కి జారింది. ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి తీగా నిండు వోల్టేజీ చూపిస్తుంది. ఎందుకంటే దానిలోంచి ఏదీ పారడం లేదు. పారడం మొదలైతేనే ఎక్కడ ఇరుకో, ఎక్కడ తుప్పో బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని మంచి పరికరాలు చెడిపోయాయని తీర్పు పొంది చెత్తబుట్టకు చేరతాయో.

అక్కడి నుంచి దారి చూపినవాడు జార్జ్ ఓమ్. 1827లో అచ్చయిన ఆయన సూత్రం ఇవాళ్టికీ పదో తరగతి పిల్లలు వల్లె వేస్తారు. 4.5 వోల్టులు పోతున్నాయి, కరెంటు 0.15 ఆంపియరు, అంటే దారిలో 30 ఓమ్‌ల నిరోధం ఉంది. తీగ మందం అర మిల్లీమీటరు. వెళ్ళడానికి 25 మీటర్లు, రావడానికి 25 మీటర్లు వేసుకుంటే రాగికి 4.4 ఓమ్‌లు మించకూడదు. మిగతా 25 ఓమ్‌లకు పైగా ఎక్కడో ఒకచోట ముద్దగా కూర్చుని ఉన్నాయి. అంత నిరోధం బాగున్న రాగిలో ఉండదు, పాడైన జాయింటులోనే ఉంటుంది. గోడ లోపల ఎక్కడో ఒక జాయింటు ఉందని కాగితం మీద లెక్క తేల్చి చెప్పింది. ఎక్కడుందో చెప్పడం లెక్క వల్ల కాదు.

అది చెప్పింది ఇంట్లో పనిచేసే ఆమె. మెట్లు తుడుస్తూ నా తంటాలు చూసి, “అన్నా, ఆ మెట్ల పక్క గోడ వాన పడితే చెమ్మగిల్లుతది. క్యాలెండర్ తీసి చూడన్నా, దానెనక డబ్బ ఉంటది. రంగులేసెటోళ్ళు దాని మీదనే ఏసి పోయిన్రు” అంది. పెద్దమ్మకు ఆ డబ్బా సంగతి గుర్తులేదు. డల్లాస్‌లో ఉన్న కొడుకుకు అసలు తెలియదు. ఇల్లు కట్టినప్పటి మేస్త్రీ ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు. రోజూ ఆ గోడను తడిగుడ్డతో తుడిచే మనిషికి తెలుసు.

క్యాలెండర్ తీసి, రంగు పొర గీకి, మూత తెరిస్తే అక్కడే ఉంది. రెండు ముక్కల తీగను మెలేసి నల్లటి టేపు చుట్టారు. ఏళ్ళ వానలకు టేపు జిగురు కారిపోయి, రాగి మీద పచ్చగా చిలుము పట్టింది. తీగ చివరలు కత్తిరించి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, టంకం పెట్టి, స్లీవ్ తొడిగాను. కీప్యాడ్ దగ్గర అంకె నొక్కి పట్టుకుని చూస్తే 12.9 వోల్టులు. రాగి తన న్యాయమైన వాటా తీసుకుని మిగతాదంతా అప్పగించింది. పెద్దమ్మ నాలుగంకెలూ నొక్కింది. తెర వెలుగుతూనే ఉంది.

ఇదంతా తీగల కథే అనుకుంటే, తర్వాత వచ్చిన ప్రశ్న తీగలది కాదు. ప్రతి తలుపుకూ చివరి రెసిస్టర్ పెట్టే పని మిగిలింది. చాలామంది సులువు కోసం దాన్ని ప్యానెల్ పెట్టెలోనే బిగిస్తారు. వరుసగా అన్నీ ఒకేచోట, చూడటానికి శుభ్రంగా ఉంటాయి. ప్యానెల్ కూడా అంతా క్షేమమనే చూపిస్తుంది. కానీ తలుపు దాకా వెళ్ళే దారిలో ఎక్కడైనా రెండు తీగలూ ఒరుసుకుని అతుక్కుపోతే, ఆ తలుపు బార్లా తెరిచినా ప్యానెల్‌కు తెలియదు. పక్కనే ఉన్న రెసిస్టర్ విలువ కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ‘క్షేమం’ అంటూనే ఉంటుంది. అది తన గొంతునే తాను విని తృప్తి పడుతోంది. రెసిస్టర్ తలుపు దగ్గర, దారి కొసన ఉన్నప్పుడే ఆ జవాబుకు అర్థం. పరికరం ఖరీదు లక్షయినా, దాని నమ్మకం మొత్తం ఆ కొసన ఉన్న చిల్లర వస్తువు మీద ఆధారపడి ఉంటుంది.

ఇళ్ళూ అంతే. కాపలా ఏర్పాట్లు చేసేవాళ్ళం ఎప్పుడూ పెట్టె దగ్గర ఉండేవాళ్ళమే. డబ్బు ఇచ్చేవాళ్ళు, కొనేవాళ్ళు, ఫోన్లో యాప్ చూసుకునేవాళ్ళు. కొసన ఉండేవాళ్ళు వేరే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు, పనికి వచ్చేవాళ్ళు, గేటు దగ్గర గదిలో పిల్లలతో ఉండే వాచ్‌మన్ కుటుంబం. తలుపు తీసేదీ వేసేదీ వాళ్ళు. వాళ్ళ మాట మనదాకా రాకపోతే, మనం చూసుకునే క్షేమం మన గొంతే.

కొసన ఉన్నవాళ్ళను అడిగితే యంత్రాలు కూడా బాగుపడతాయనడానికి కీప్యాడ్ మీది నాలుగంకెలే సాక్ష్యం. బ్యాంకుల నగదు యంత్రం రూపకర్తల్లో ఒకడైన జాన్ షెపర్డ్ బారన్ మన షిల్లాంగ్‌లోనే పుట్టాడు. ఆయన తయారుచేయించిన యంత్రం 1967 జూన్ 27న లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లోని బార్‌క్లేస్ బ్యాంకు దగ్గర మొదలైంది. రహస్య సంఖ్యకు ఆరంకెలు ఉండాలని ఆయన మొదట అనుకున్నాడు. ఆయన సైనిక సంఖ్య ఆరంకెలది, అది ఆయనకు కంఠతా వచ్చు. వంటింటి బల్ల దగ్గర భార్య కరోలిన్‌ను అడిగితే తనకు నాలుగంకెలే గుర్తుంటాయని చెప్పింది. నాలుగే ఖాయమయ్యాయి. నాలుగంకెలతో పదివేల సంఖ్యలు వస్తాయి. ఆరంకెలైతే పది లక్షలు. లెక్కప్రకారం ఆరే గట్టివి. కానీ గుర్తుండక కాగితం మీద రాసి గోడకు అంటించిన ఆరంకెల కన్నా, మనసులో నిలిచిన నాలుగంకెలే ఇంటిని కాపాడతాయి.

అంకెలు పెట్టే వేళ పెద్దమ్మ ఒక మాట అంది. “నా నంబరు ఆమెకు చెప్పొద్దు. ఆమెకు వేరే నంబరు పెట్టు.”

పనామె మీద నమ్మకం లేకనేమో అనుకున్నాను. పెద్దమ్మ ఆలోచన అది కాదు. “ఇద్దరికీ ఒకటే నంబరైతే రేపు ఏదైనా పోయినప్పుడు ఎవరు వచ్చారో ఎవరు వెళ్ళారో తెలియదు. అప్పుడు అందరి కళ్ళూ ఆమె మీదే పడతాయి. ఎవరి నంబరు వాళ్ళకుంటే ఆమె ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్ళిందో పెట్టే చెబుతుంది. నేను గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, ఆమె ఒట్లు పెట్టుకోనక్కర్లేదు.”

ఆ మాట నన్ను కదిలించింది. ఇంట్లో గొలుసు కనపడకపోతే ముందుగా ఎవరిని నిలదీస్తారో మనకందరికీ తెలుసు. దిండు కిందో, బాత్‌రూములోనో అది దొరికాక ఆ మనిషికి క్షమాపణ చెప్పేవాళ్ళు ఎంతమంది? అలారాన్ని ఆస్తికి కాపలాగానే చూస్తాం. పెద్దమ్మ దాన్ని ఒక పేదమనిషి పరువుకు కూడా కాపలాగా పెట్టింది. ప్యానెల్ చిట్టాలో ఎవరి అంకెతో ఏ వేళకు తలుపు తీశారో నమోదవుతుంది. ఆ చిట్టా యజమానికి ఎంత అవసరమో, అనుమానానికి గురయ్యే మనిషికి అంతకన్నా ఎక్కువ అవసరం. ఆమెకు ఆమె నంబరు పెట్టాం. అది ఏదో నాకూ పెద్దమ్మకూ చెప్పవద్దని, తానే ఎంచుకుని నొక్కమని చెప్పాం. చిట్టాను ఎలా చూడాలో కూడా నేర్పాం.

బయటికి వెళ్ళే గడువు ముప్పై సెకన్లని పెట్టె మీద ఉంది. పెద్దమ్మ మోకాళ్ళకు ఆ గడువు చాలదు. ఆమె కీప్యాడ్ నొక్కి, చెప్పులు వేసుకుని, తలుపు లాగి తాళం వేసేదాకా పక్కన నిలబడి చూసి, దానికి తగ్గట్టు పెంచాను. గడువును ఎవరి నడకతో కొలవాలన్నది చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ తొందరలో తూలి పడే ప్రమాదం దొంగ వచ్చే ప్రమాదం కన్నా పెద్దమ్మకు చాలా దగ్గరగా ఉంది.

ఆ వీధి నుంచి తలెత్తితే రోడ్ నంబర్ 12లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ టవర్లు కనిపిస్తాయి. ఊళ్ళోని వేల కెమెరాల చూపు అక్కడికి చేరుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అయ్యేముందు, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు స్టేషన్లో చెప్పి వెళ్ళమని పోలీసులు ఏటా కోరతారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఇంకో అడుగు వేసి, లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ పేరుతో, కోరినవాళ్ళ తాళం వేసిన ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెట్టి స్టేషన్‌కు కబురు అందేలా ఏర్పాటు చేశారు. ఇవన్నీ మంచి పనులు. అయితే టవరు ఎంత ఎత్తయినా, కొసన ఉన్న కెమెరా అద్దం మీద దుమ్ము పట్టిందని చెప్పేవాళ్ళుండాలి. పక్కింటి పాలప్యాకెట్టు పది గంటలైనా గుమ్మం మీదే ఉందని గమనించేవాళ్ళుండాలి. ఆ గమనింపు లేని వీధిలో పెద్ద తెరలు కూడా ఖాళీ తీగ మీద నిండు వోల్టేజీ చూపించే మీటర్లే.

బిగించడంతో పని అయిపోదు. నెలకొకసారి ప్యానెల్‌ను పరీక్ష స్థితిలో పెట్టి ఒక్కో తలుపూ తెరిచి చూడాలి. మెయిన్ స్విచ్ ఆపి, 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద సైరన్ మోగించాలి. మోగించకుండా మీటర్ పెడితే ముసలి బ్యాటరీ కూడా 12 వోల్టులే చూపిస్తుంది, బరువు పడినప్పుడే దాని బలం తెలుస్తుంది. ఆ పరీక్ష చేసేటప్పుడు పెద్దమ్మనూ పనామెనూ ఇద్దరినీ పక్కన ఉండమంటాను. ఏ తలుపు బిగుసుకుంటోంది, ఏ గోడ చెమ్మగిల్లుతోంది, రాత్రి ఏ చప్పుడుకు మెలకువ వస్తోంది అని అడుగుతాను. దూరాన ఉన్న కొడుకులకూ కూతుళ్ళకూ నేను చెప్పేదీ ఇదే. ‘బాగున్నావా’ అని అడిగితే ‘బాగున్నాను’ అనే జవాబు వస్తుంది. అది బరువు లేని తీగ చెప్పే జవాబు. మెట్లు దిగేటప్పుడు నొప్పిగా ఉందా, మందులు ఎవరు తెచ్చారు, నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ఏం చేశావు అని అడిగితే నిజమైన కొలత దొరుకుతుంది.

ఇంటికి అలారం పెట్టుకుందామనుకుంటున్నాను, ఏది కొనమంటావు అని స్నేహితులు అడుగుతుంటారు. నేను కంపెనీ పేరు చెప్పే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఆ ఇంట్లో రోజూ తలుపు తీసి వేసేది ఎవరు? వాళ్ళకు తమ సొంత నంబరు ఇస్తావా? ఏదైనా తేడా కనిపిస్తే భయపడకుండా నీకు చెప్పే చనువు వాళ్ళకుందా? ఈ మూడిటికీ జవాబు ఉన్న ఇంటికి మామూలు ప్యానెల్ చాలు. జవాబు లేని ఇంటికి ముందు కొనాల్సింది పరికరం కాదు. అక్కడ పనిచేసే మనిషిని కూర్చోబెట్టి, ఈ ఇంటి గురించి నీకు తెలిసింది చెప్పమని అడగాలి. ఆ తర్వాత డ్రిల్లింగ్ మెషిన్ తీయాలి.